కోటనుకుని వెళ్లాం: విశాఖ ఒడ్డున యుద్ధనాటి బంకరు

విశాఖ వెళ్లినవాళ్లు కైలాసగిరి, సబ్‌మెరైన్ చూసి వస్తారు. మేం వెళ్లింది ఇసుకలో ఒరిగి ఉన్న ఒక సిమెంటు గది కోసం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో జపాను వాళ్లు సముద్రం మీదుగా దిగుతారన్న భయంతో, తుపాకులు పట్టుకుని కాపలా కాయడానికి ఒడ్డున ఇలాంటి బంకర్లు కట్టారు. ఇసుక కింద పూడిపోయిన ఇది కొన్నేళ్ల కిందట అలల కోతకు బయటపడింది. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. మా కాలేజీ మేడమ్ ఒకావిడ దాని ముందు దిగిన ఫోటోను నా ఫోన్లో చూసి, ఆళ్లగడ్డలో ఉండే మా నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఇదేనమ్మా మా నాయన పోయిన కోట. నన్ను ఆడికి తీసకపో," అన్నాడు. ఎనభై మూడేళ్ల మనిషి చంటిపిల్లాడిలా అడిగితే ఏం చెప్పను?

మాది రాతిపని చేసే ఇల్లు, దేవుడి బొమ్మలు చెక్కేవాళ్లం. మా నాయన మూడు నెలల పసివాడిగా ఉన్నప్పుడు కరువు వచ్చింది. సముద్రం దగ్గర కోట కడుతున్నారు, రాతిపనివాళ్లు కావాలని ఒక మేస్త్రీ వచ్చి కొందరిని తీసుకెళ్లాడు. వాళ్లలో మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, ఒకడు. విశాఖలో జపాను వాళ్ల బాంబులు పడ్డప్పుడు అందరూ తలోదిక్కు పారిపోయారట. మిగిలినవాళ్లు ఇల్లు చేరారు, ఆయన చేరలేదు. చనిపోయాడని చూసినవాళ్లు లేరు, బతికున్నాడని చెప్పినవాళ్లూ లేరు. ఆయన భార్య, మా జేజి మాత్రం బొట్టు తీయలేదు. పేరంటాలకు ఆమెను పిలవాలో వద్దో తెలియక ఆడవాళ్లు గుమ్మంలో తటపటాయించి వెళ్లిపోయేవాళ్లు. తను ఉన్నంతకాలం తద్దినం మాట ఎత్తనని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. ఆమెను బొట్టుతో, గాజులతోనే సాగనంపాం. ఆ తర్వాత కూడా మా నాయనకు చేతులాడలేదు. "ఆయన చేతి గుర్తు ఒక్కటి కండ్లతో చూస్తే చాలు. ఆడనే నీళ్లు వదుల్తా," అనేవాడు.

గుర్తు అంటే చెప్పాలి. కూలికి రాళ్లు చెక్కేటప్పుడు ఏ రాయి ఎవరిదో మేస్త్రీకి తెలియడానికి ప్రతివాడూ ఒక మూల ఉలితో తన గుర్తు కొడతాడు. మా జేజినాయనది కోడికాలు లాంటి మూడు గీతలు. విశాఖ కోట గోడల్లో ఎక్కడో అది ఉంటుందని మా ఇంట్లో మూడు తరాలుగా నమ్మకం.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట ప్రయాణం. నంద్యాల నుంచి విశాఖకు నేరుగా రైలుంది, మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక దిగాం. స్లీపర్ టికెట్టు తలకు నాలుగు వందల పైచిలుకు. దారి పొడుగునా మా నాయన చేతి సంచిని ఒళ్లోనుంచి దించలేదు. అందులో సుత్తి, చిన్న కుంచె, భూతద్దం ఉన్నాయి. "పురావస్తు శాఖ ఆఫీసరు బయల్దేరినట్టుందే," అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. అప్పుడే నోరు మూసుకోవాల్సింది నేను.

స్టేషన్ బయట ఆటో అతను రెండు వందలు అడిగాడు, నూట యాభైకి ఒప్పుకున్నాడు. "బంకరేటండీ, దాన్ని సూడ్డానికి అంత దూరం నుంచొచ్చారా? పావుగంటలో దింపేస్తాను, ఎక్కండి," అన్నాడు. అన్నట్టే బీచ్ రోడ్డులో దింపాడు. టిక్కెట్టేమీ లేదు, మెట్లు దిగి ఇసుకలో నడవడమే.

మా నాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తుపాకీ పెట్టే సందులోంచి లోపలికి చూశాడు. సుత్తి తీసి మెల్లగా తట్టాడు. మంచి రాయైతే గంటలా పలుకుతుందని మా వాళ్ల లెక్క. ఇది మొద్దుగా డబ్ మంది.

"ఏందమ్మా ఇది? రాయేదీ?"

నాకు అప్పటికి గాని తట్టలేదు. మా సీమలో కోట అంటే రాయే. గండికోట చూసిన కళ్లు మావి. అందుకే అది పోతపోసిన సిమెంటని ఫోటోలో కనిపిస్తున్నా మాకు ఎక్కలేదు. ఉలి తగలని గోడ మీద గుర్తెక్కడ ఉంటుంది? లెక్కలు చెప్పే దాన్నయ్యుండి ఇంత చిన్న సంగతి ఆలోచించకుండా, ముసలాయన్ని ఆశపెట్టి తీసుకొచ్చానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అక్కడ పల్లీలు అమ్మే ఒక పెద్దాయన మా అవస్థ చూసి దగ్గరకొచ్చాడు. జాలరిపేట మనిషి. సంగతి విని తల ఊపాడు. "సెక్కుడు రాయి కాదు బాబూ. మా తాత సెప్పేవోడు, ఒడ్డు పొడుగునా కూకుని కంకర కొట్టేవోరంట. ఆడోళ్లూ మగోళ్లూ, సానామంది. ఆ కంకరే ఇందులో పోసేరు."

"కంకరా?" అన్నాడు మా నాయన. "దేవుళ్లను చెక్కే చేతులతో కంకర కొట్టినాడా మా నాయన?"

ఆకలి ముందు ఏ విద్య నిలబడుతుంది? పెళ్లాం బిడ్డల కోసం పోయి, రోజంతా ఎండలో రాళ్లు పగలగొట్టి, ఒక్క ముక్క మీద కూడా తన గుర్తు వేసుకోలేకపోయాడు.

ఒక మూల సిమెంటు ఊడి కంకర బయటపడి ఉంది. మా నాయన అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, కుంచెతో ఇసుక దులిపి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఒక రాయి మీద వేలు పెట్టి నన్ను పిలిచాడు. "ఇది మిషను కంకర కాదమ్మా, చేత్తో కొట్టింది. ఈడ చూడు, దెబ్బ పడిన చోటు. దీన్ని కొట్టినోనికి రాయి పొర తెలుసు. ఒకే దెబ్బకు చీల్చినాడు."

"జేజినాయనే అంటావా?"

"ఎవురైతే ఏమిలే. పని తెలిసినోడు."

తర్వాత లేచి, చెప్పులు విడిచి, నేరుగా నీళ్ల వైపు నడిచాడు. చావు కబురు తెలిస్తే కట్టుబట్టలతో తలస్నానం చేయాలి మాకు. కబురు ఎన్నేళ్లకు తెలిసినా సరే. అది గుర్తొచ్చి పరుగెత్తాను. "లోనికెళ్లకండి బాబూ, ఈ సంద్రం మంచిది కాదు," అంటూ పల్లీల పెద్దాయన బుట్ట పక్కన పడేసి ఆయన చేయి పట్టుకున్నాడు. రెండో చేయి నేను పట్టుకున్నాను. మోకాలి లోతులో మా నాయన కూర్చున్నాడు. ఒక అల తల మీదుగా పోయింది. "నాయనా!" అన్నాడు. ఎనభై మూడేళ్ల మనిషి నోట ఆ పిలుపు నేను వినడం అదే మొదటిసారి. దోసిట నీళ్లు మూడుసార్లు వదిలాడు.

ఒడ్డుకొచ్చాక వణుకుతూ అడిగాడు, "మరి మీ జేజికి ఎవురు చెప్పాల?"

విడిచిన చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టాను. తనే అన్నాడు, "నేను పోయి చెప్తాలే."

"తొందరేం లేదులే నాయనా," అన్నాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

ఆ బంకరు దగ్గర ఎవరి పేరూ లేదు. కట్టించినవాళ్ల పేర్లు ఏ కాగితాల్లోనో ఉండొచ్చు, కంకర కొట్టినవాళ్లవి ఎక్కడా ఉండవు. జపాను వాళ్లు అక్కడ దిగనే లేదు. రాని శత్రువు కోసం కట్టిన గది ఒకటి మా జేజినాయనను తీసుకుంది, జేజి బతుకంతా గుమ్మం వైపు చూసేలా చేసింది. ఆ గోడ మీద పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతుంటే మొదట కోపమొచ్చింది. తర్వాత పోయింది. వాళ్లకు చెప్పినవాళ్లు ఎవరున్నారు?

చూడాలనుకుంటే ఎండ ముదరకముందే వెళ్లండి, గంట చాలు. ఒక జత పొడిబట్టలు సంచిలో పెట్టుకోండి. మేం పెట్టుకోలేదు. పల్లీల పెద్దాయన తన భుజం మీది తువ్వాలు తీసి మా నాయన తల తుడిచాడు.