ఖాకీ చొక్కా మస్తాన్ కోసం ఆబిడ్స్ దాకా

ఖాజాకు కళ్లు పోయాయి. నాకు కళ్లున్నాయి గానీ చదువు అంతంతే. నిజాం కాలంలో ఉర్దూ బడిలో కూర్చున్నాను. పోలీస్ యాక్షన్ అయ్యాక బడి తెలుగుకు మారింది, నేను గొడ్ల దగ్గరికి మారాను. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో నోటీసు బోర్డు చూసి కూడబలుక్కున్నవే. సిగ్గుపడి చెప్పడం లేదు. పుస్తకాలు వెతుక్కుంటూ ఊరు తిరగడానికి పండితుడు కానక్కర్లేదు, రైలెక్కే ఓపిక ఉంటే చాలు.

ఖాజా, నేను ఒకే ఊరివాళ్లం, ఒకే వర్క్‌షాపులో పనిచేసి దిగిపోయినవాళ్లం. పోయిన నెల ఎవరిదో పెళ్లిలో ఊరివాళ్లు ఖాజాకు ఒక మాట చెప్పారట: మన ఊరి చరిత్ర పుస్తకంగా వచ్చింది, అందులో మీ నాయన పేరుంది అని. ఆ రోజు నుంచి వాడు అన్నం కూడా కుదురుగా తినలేదు. నువ్వు తెచ్చి చదివిపెట్టు, నేను పోయేలోపు ఒక్కసారి వినాలి అన్నాడు. అందుకే ఈ ప్రయాణం.

మా ఊరు కాజీపేట లైను మీద, జనగామ దాటాక వస్తుంది. పేరు రాయను. చంపినవాళ్ల మనవలు అక్కడే ఉన్నారు, వాళ్లు మంచి పిల్లలు. ఖాజా తండ్రి మస్తాన్ రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్. నిజాం రైల్వే ఇచ్చిన ఖాకీ చొక్కా వేసుకునేవాడు. రజాకార్లు మా వాడ తగలబెట్టిన రోజు మా అమ్మను, అన్నను, నన్ను తన ఇంట్లో జొన్నలు దాచే పాతరలోకి దించాడు. పైన బండ పరిచి, ఆ బండ మీద మేకను కట్టేశాడు. చీకట్లో జొన్నల వాసన, భయానికి నా చేతిలో దిగిన మా అన్న గోళ్లు, నాకు రజాకార్ల కాలమంటే ఇవే. తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. మిలిటరీ సడక్ మీదుగా వెళ్లిపోయింది, మా ఊళ్లో ఆగనైనా లేదు. మరునాడు జనం మస్తాన్‌ను పట్టాల మీద పట్టుకున్నారు. రజాకార్ల బట్టలూ ఖాకీయే కదా. మా అమ్మ అడ్డం పడితే పక్కకు ఈడ్చేశారు. మస్తాన్‌ను అక్కడే చంపేశారు, నేను చూస్తూ నిలబడ్డాను. సాయంత్రానికి ఖాజా వాళ్లమ్మ, ఇద్దరక్కలు బావిలో తేలారు. దూకారో, ఎవరైనా తోశారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఖాజా మా ఇంట్లో ఉన్నాడు. మా అమ్మ వాడి నుదుట బొట్టు పెట్టి, నా కొడుకే అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బోయిగూడ నుంచి నడిచి సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్లాను. ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడలో దిగాలి. టికెట్టు ఐదు రూపాయలే, ఆదివారం సీటు కూడా దొరుకుతుంది. కాచిగూడ నుంచి ఆబిడ్స్‌కు ఆటో ఎనభై అడిగాడు, ఇచ్చాను. కోఠీ దాకా షేర్ ఆటోలో వెళ్లి నడిస్తే తక్కువలో పోతుంది, నా మోకాళ్లు ఒప్పుకోలేదు. ఈ వయసులో పుస్తకాలేంది తాతా అని ఆటోవాడు నవ్వాడు. నీ వయసులో నువ్వు చదువుతున్నావా అని అడిగాను.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. పరీక్షల పుస్తకాలే ఎక్కువ, హైదరాబాద్ సంస్థానం మీద కావాలంటే వంగి వెతుక్కోవాలి. నేను వంగలేను కాబట్టి అడిగాను. పోలీస్ యాక్షన్ పుస్తకాలున్నాయా అంటే అమ్మే మనిషి తలెత్తకుండానే అన్నాడు:

"ఏ దిక్కుది గావాలె పెద్దాయనా? రజాకార్లు జేసిందా, ఆల్లు పోయినంక జరిగిందా? రెండు ఒక్కదాంట్ల దొరకయ్."

"మా ఊరిది గావాలె," అన్నాను.

మూడు కుప్పలు తిరగేసి పల్చటి పుస్తకం తీశాడు. నూరు అన్నాడు, అరవైకి ఇచ్చాడు. మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. మంచి పుస్తకం, అబద్ధమాడను. మా వాగు వేసవిలో ఏ మలుపు దగ్గర ఎండుతుందో, ఏనుగు గుండు అనే పెద్ద బండరాయి ఏ దిక్కుకు ఒరిగి ఉంటుందో రాశాడు. కుమ్మరివాళ్లు మట్టి తెచ్చే చోటు కూడా రాశాడు. మా వాడ కాలడం, మా చిన్నాయనను కాల్చడం, అన్నీ నిజమే రాశాడు. అలా నమ్మించి, ఆ తర్వాతి పేజీలో ఒక్క ముక్క: పోలీస్ యాక్షన్ అనంతరం గ్రామస్థులు తిరగబడి, రజాకారు అయిన మస్తాన్‌ను హతమార్చారు.

తప్పు చదివానేమో అని పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లనడిగాను. ఆ పిల్లా అదే చదివింది.

పుస్తకం వెనక రాసినాయన చిరునామా ఉంది, సీతాఫల్‌మండి. వచ్చిన దారినే ఎంఎంటీఎస్‌లో తిరిగి వస్తే సికింద్రాబాద్ కంటే ముందే ఆ స్టేషను వస్తుంది. మధ్యాహ్నం రెండింటికి తలుపు కొట్టాను. రిటైరైన లెక్చరర్, మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాడు. పాతర సంగతి, మేక సంగతి, చొక్కా సంగతి మొత్తం చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. అప్పుడు మీ వయసెంత అన్నాడు. పదో పదకొండో అన్నాను. ఊళ్లో నలుగురిని వేర్వేరుగా అడిగానని, నలుగురూ ఒకటే మాట చెప్పారని అన్నాడు.

"ఒక్కటే చెప్తరు సారూ. ఆయన రజాకార్ గాకుంటే, సంపినోళ్లు ఏమైతరు?" అన్నాను.

ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అందరికంటే ముందు చెప్పింది మీ అన్నగారేనండీ. మీ ఇంటి అరుగు మీద కూర్చునే చెప్పారు."

నాతోపాటు ఆ పాతరలో కూర్చున్న అన్న. పోయి ఏడాదైంది. పోట్లాడదామంటే మనిషి లేడు.

రచయిత చెడ్డవాడేం కాదు. మళ్లీ అచ్చు వేస్తున్నాడట. కావాలంటే ఆ వాక్యం తీసేస్తానన్నాడు. నలుగురి మాట ఒకవైపు ఉండగా నా ఒక్కడి మాట మీద మస్తాన్‌ను మంచివాడని మాత్రం రాయలేనన్నాడు. తీసేయమంటారా, ఉంచమంటారా అని అడిగాడు. అది నేను చెప్పేది కాదు, కొడుకు బతికే ఉన్నాడు అని లేచాను.

సీతాఫల్‌మండి నుంచి లాలాగూడకు ఆటోలో దగ్గరే. ఖాజా తల దువ్వించుకుని, ఉతికిన లాల్చీ వేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. ఇంట్లోవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టాడు. నేను వాళ్లను లోపలికి పంపించాను. అప్పుడే వాడికి సగం అర్థమై ఉంటుంది. మార్చి చదివితే వాడికి తెలియదు. నేనలాంటి మనిషిని కాను. వాగు చదివాను, గుండు చదివాను, మా చిన్నాయనను చదివాను, ఆ ముక్క కూడా ఉన్నది ఉన్నట్టు చదివాను. మా అన్న చెప్పాడన్నదీ దాచలేదు.

"మీ అన్న ఊర్లె బతకాలె గద లింగం," అన్నాడు ఖాజా.

రచయిత అడిగింది చెప్పాను. తీసేయాలా, ఉంచాలా.

"మా అమ్మ పేరున్నదా అండ్ల? అక్కలయి?"

చివరిదాకా తిరగేశాను. బావి ఉంది, దాని మెట్లూ ఉన్నాయి. వాళ్లు లేరు.

"గట్లయితే ఉండనియ్ రా," అన్నాడు. "తీసేస్తె మా నాయన సుత ఉండడు."

పుస్తకం వాడి చేతిలో పెట్టాను. ఏ పేజీ అని అడిగితే వేలు పట్టుకుని ఆ పేరు మీద ఉంచాను. చీకటి పడుతోందని చెప్పి వచ్చేశాను.

ఇలాంటి ప్రయాణం చేస్తే మనసు తేలికవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక ప్రాంతాన్ని పుస్తకాల్లో చూడొచ్చు, నిజమే. రాళ్లు, నీళ్లు, కులాలు, యుద్ధాలు అన్నీ దొరుకుతాయి. మనుషులు మాత్రం మిగిలినవాళ్లు చెప్పినట్టే దొరుకుతారు. నాకు ఎనభై దాటింది. నేనూ ఖాజా పోతే, రైల్వే ఇచ్చిన ఆ చొక్కా రజాకారు చొక్కాయే అవుతుంది. ఇక్కడ రాసి పెట్టాను గానీ, అచ్చయిన పుస్తకం ముందు నా రాత ఎవరి కంటికి ఆనుతుంది?

మీ ఊరి పుస్తకం కోసం బయలుదేరేవాళ్లకు ఒకటే చెబుతాను. ఆదివారం తొమ్మిదిన్నరకల్లా ఆబిడ్స్ చేరండి, తర్వాత ఎండకు నిలబడలేరు. పుస్తకం దొరికితే అదే రోజు రాసినాయన ఇంటికి వెళ్లి, ఎవరు చెబితే రాశావని అడగండి. ఆ చెప్పిన మనిషి మీ ఇంట్లోవాడే అయితే, బతికుండగానే వెళ్లి నిలదీయండి.