అత్త అడిగిన మంచినీళ్లు

నా చిన్నప్పుడు, పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచి దొరల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, మేము ముదలియార్‌పేటలో ఉండేవాళ్లం. మా నాయన సున్నపు మేస్త్రి. సముద్రం వైపు దొరల వీధుల్లో ఉండే పెద్ద ఇళ్లకు గోడపూత పూసేవాడు. గానుగలో నూరిన సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన కలిపి, పూత మీద పూత వేసి, చివరికి అరచేతిలో ఇమిడే నునుపు రాయితో రుద్దేవాడు. ఎదురుగా నిలబడితే మన నీడ గోడలో కనపడాలి. అప్పటిదాకా రాయి కింద పెట్టేవాడు కాదు. పరంజా మీద నుంచి కింద ఉన్న పనివాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు పెద్దదైపోయింది. ఇంట్లో కూడా అదే గొంతు. ఆయన నవ్వితే నాలుగిళ్ల అవతలికి వినపడేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకనాటి పొద్దున ఆయన బావి దగ్గర మొహం కడుక్కుంటూ చెంబు జారవిడిచాడు. తీసుకుందామని వంగి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. మేము పరుగెత్తి వెళ్లేసరికి నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. కుడి చెయ్యీ కుడి కాలూ ఎవరివో తెచ్చి అక్కడ పడేసినట్టున్నాయి. అమ్మ పిలిస్తే కళ్లు తిప్పాడు గాని మాట రాలేదు. వీధిలో మగవాళ్లు నలుగురు ఆయన్ను మంచంతో సహా ఎత్తుకుని ఆసుపత్రికి మోసుకుపోయారు.

పది రోజులకు ఇంటికి పంపించారు. వచ్చేటప్పుడు అక్కడి డాక్టరు దొర చెప్పింది దుబాసీ అమ్మకు తమిళంలో చెప్పాడు. ప్రాణానికి భయం లేదు, ఇక ఇవ్వవలసిన మందూ లేదు, చచ్చుబడిన చేతినీ కాలినీ రోజూ పని చేయించండి, అది ఇంట్లోవాళ్లు చేయవలసిన వైద్యం అని. అమ్మకు 'మందు లేదు' అన్నదొక్కటే చెవికెక్కింది. ఇంటికొచ్చేదాకా దారంతా ఏడ్చింది.

ఆ తర్వాత అమ్మ ఆయనకు చేసిన సేవ ఇంతా అంతా కాదు. మొహం కడగడం, నూనె రాయడం, అన్నం మెత్తగా పిసికి ముద్దలు పెట్టడం, మూతి తుడవడం, బట్ట మార్చడం. చంటివాడైన మా తమ్ముణ్ణి కూడా అంత జాగ్రత్తగా చూసుకుని ఉండదు. నేనూ అంతే. నాయన కళ్లు ఎటు తిరిగితే అటు పరుగెత్తేదాన్ని. నీళ్ల కుండ వైపు చూస్తే నీళ్లు, కిటికీ వైపు చూస్తే విసనకర్ర. ఆయన అడగక ముందే తెచ్చి ఇవ్వగలుగుతున్నానని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది.

ఆయనకు ఒకే ఒక్క మాట మిగిలింది. 'లేదు'. ఆకలిగా ఉందా అంటే లేదు. నొప్పిగా ఉందా అంటే లేదు. దాహమేసినా అదే మాట, నన్ను దగ్గరికి పిలవాలన్నా అదే మాట. తను చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఇంకొకటి అని ఆయనకు తెలుస్తూనే ఉండేది. కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కొన్నాళ్లకు ఆ మాట అనడం కూడా మానేసి గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. నెల దాటేసరికి అమ్మ ముద్ద పెట్టబోతే పెదాలు బిగించేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే "పావం, ఎట్లాంటి మనిషి!" అనుకుంటూ పోయేవారు. ఆయన చెవులు బాగానే పనిచేస్తున్నాయన్న సంగతి ఎవరికీ తోచేది కాదు.

అప్పుడు అరియాంకుప్పం నుంచి మా మేనత్త వచ్చింది. నాయనకు అక్క. బలమైన మనిషి. మిద్దెల మీద సున్నం దంచే ఆడవాళ్ల గుంపులో ముప్పై ఏళ్లు పనిచేసింది. వరసగా కూర్చుని, కొయ్యలతో సున్నాన్ని దంచుతూ, అందరూ ఒకే పాట పాడుతూ వెనక్కి జరిగే పని అది. రెండు రోజులు అత్త ఒక మూల కూర్చుని అమ్మనూ నన్నూ చూస్తూ ఉంది. మూడో రోజు అమ్మను పెరట్లోకి పిలిచింది.

"ఏమ్మే, నువ్వు చంటివాన్ని ఎత్తుకుని విల్లియనూరికి పో. మీ అమ్మింట్లో పది దినాలు ఉండు. కళ్లు చూడు, యాడికి పోయినాయో గుంటల్లోకి."

"నేను పోతే ఆయనకు ఎవురు చేస్తారు వదినా?" అంది అమ్మ.

"నువ్వే వానికి చెయ్యి అయిపోతే, వాని చెయ్యి ఇంకేం చేసేది?"

అమ్మకు ఆ మాట నచ్చలేదు. కానీ ఆడబిడ్డ మాటకు ఎదురు చెప్పలేక, నాకు నూరు జాగ్రత్తలు చెప్పి వెళ్లింది.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో గంజి కాస్తుంటే "అమ్మా!" అని అత్త అరుపు వినపడింది. వెళ్లి చూస్తే నడవలో చాప మీద పడి ఉంది. నడుము పట్టేసింది, కదల్లేను అంటోంది. ఇంట్లో ఇద్దరు పడకేశారు, నేనొక్కదాన్ని ఏం చెయ్యను? గది వాకిలి ఎదురుగా, మంచం మీద నాయన తల తిప్పి చూస్తున్నాడు. గోడ వైపు నుంచి ఇటు తిరిగి ఎన్నాళ్లయిందో!

"తమ్ముడా, దప్పికైతాండాది. రవ్వంత మంచినీళ్లు ఇయ్యిరా" అంది అత్త.

నేను కుండ దగ్గరికి వెళ్లబోయాను. అత్త చెయ్యి చాప మీద నుంచి పాకి నా పాదం గట్టిగా పట్టుకుంది. వంగి చూశాను. ఆమె మొహంలో నొప్పి లేదు. కదలొద్దని కళ్లతోనే చెప్పింది.

నాయన నా వైపు చూశాడు. నేను కదల్లేదు. మళ్లీ అత్త వైపు చూశాడు. "లేదు" అన్నాడు. అత్త మూలిగింది. "నువ్వే ఇయ్యల్ల తమ్ముడా. పాప పొయ్యి కాడ ఉండాది" అంది, నేను అక్కడే నిలబడి ఉండగా.

చాలాసేపటికి ఆయన ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. లేవబోయి వెనక్కి పడ్డాడు. మళ్లీ పట్టుకున్నాడు. కాళ్లు కిందికి జార్చి, నేల మీదికి ధబ్బున కూలబడ్డాడు. నా నోట్లోంచి అరుపు రాబోయింది. అత్త పట్టు ఇంకా బిగిసింది. నాయన కూర్చునే, ఎడమ చేతి మీద బరువు వేసి, కుడి కాలిని బస్తా ఈడ్చినట్టు ఈడ్చుకుంటూ కుండ వైపు జరిగాడు. మా ఇంట్లో మంచానికీ కుండకూ మధ్య నా అడుగులతో ఆరు అడుగులు. పొయ్యి మీద గంజి మాడిన వాసన వచ్చేదాకా ఆయన ఆ ఆరు అడుగులే పోయాడు.

మూత తీశాడు. లోటా ముంచాడు. వెనక్కి తిరగబోతే ఒరిగి నీళ్లన్నీ ఒళ్లో పడ్డాయి. ఒక్క క్షణం తల వాల్చి అలాగే ఉండిపోయాడు. మంచం దగ్గరికి వెళ్లిపోతాడనుకున్నాను. మళ్లీ ముంచాడు. ఈసారి లోటాను నేల మీద పెట్టి, కాస్త ముందుకు తోసి, తను జరిగి, మళ్లీ తోసి, అలా తెచ్చాడు. అత్త చేతికి అందేసరికి అడుగున మూడు గుక్కలు మిగిలి ఉంటాయి. ఆమె తల ఎత్తి వాటిని తాగి, "చల్లగా ఉండాయిరా తమ్ముడా" అంది.

నాయన రొప్పుతూ అక్క పక్కనే కూర్చున్నాడు. మోకాలు దోక్కుపోయింది. ఒళ్లంతా తడి. వంకర పోయిన ఆ మూతితోనే నవ్వాడు. ఆ రోజు మాడిన గంజే ముగ్గురం తాగాం. తన గిన్నె తనే పట్టుకోవాలని ఎడమ చెయ్యి చాచాడు. సగం ఒలికింది, సగం తాగాడు.

నాకు అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. సాయంత్రం నాయన నిద్రపోయాక ఆమె మామూలుగా లేచి అంట్లు తోముతుంటే, నువ్వు రాక్షసివి అన్నాను. ఆమె తిట్టలేదు. బూడిద చేతులతోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పాపా, ఈ నెలన్నరలో మీ నాయనను ఎవురన్నా ఏమన్నా అడిగినారా? అందరూ ఇచ్చేవాళ్లే. ఇల్లంతా తనను అడిగి నడిచిన మనిషి వాడు. ఇయ్యడానికి ఏమీ లేకపోతే మనిషి గోడ పక్కకే తిరుగుతాడు."

నాకు ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది. కానీ మర్నాటి నుంచి అత్త నడుము నొప్పిలో నేనూ భాగస్థురాలినయ్యాను. అందులో కష్టమంతా నాదే. పని చెయ్యడం కంటే చెయ్యకుండా చూస్తూ నిలబడడం కష్టం. నాయన చిన్న ఉల్లిపాయలు ఒలుస్తుంటే, ఒక్కొక్కటి కుడి అరచేతి కింద ఇరికించి ఎడమ చేత్తో పొట్టు లాగుతుంటే, జారిపోయిన ఉల్లిపాయను అందుకోకుండా ఉండడానికి నా రెండు చేతులూ వెనక్కి కట్టుకునేదాన్ని. పొద్దునా సాయంత్రమూ అత్త కష్టపడి లేచినట్టు నటించి, ఆయన కుడి చేతిని తన చేతుల్లోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ తెరిచి మూసేది. పడకుండా నా భుజం ఆసరా ఇచ్చి నిలబెట్టేది. మొదటిసారి పది లెక్కపెట్టేలోగా కూలబడ్డాడు. వారానికి గుమ్మం దాకా అడుగులు వేశాడు.

తొమ్మిదో రోజున అత్త కాస్త సున్నం కలిపి వంటింటి గోడ మీద చారెడు మేర పూసింది. నాయన రాయిని ఆయన కుడి అరచేతిలో పెట్టి గుడ్డతో కట్టి, పైన ఎడమ చెయ్యి వేయించింది. "దీన్ని నేను నునుపు చెయ్యలేను తమ్ముడా, నాది దంచే చెయ్యి. నువ్వు చేసి పెట్టు" అంది. ఆయన రుద్దసాగాడు. ఎడమ చెయ్యి తోస్తే కుడి చెయ్యి దాని వెంట పోయింది. అలవాటు కొద్దీ అత్త మిద్దె మీద పాడే పాట కూనిరాగం తీసింది.

*దంచవే చెల్లెలా దంచవే, దరువుకు దరువుగా దంచవే...*

రెండో చరణం దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పాట ఆగలేదు.

*వానకు కురవని మిద్దెగా, వన్నెల మిద్దెగా దంచవే...*

పాడింది నాయన. నీళ్లడగడానికి కూడా మాట లేని మనిషి నోట్లోంచి, ముద్దగానే అయినా, పాట మొత్తం వచ్చింది. నేను గరిటె కింద పడేశాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మాత్రం మమ్మల్ని చూడలేదు. గోడనే చూస్తూ రుద్దుతున్నాడు.

అమ్మ మర్నాడు వచ్చింది. వస్తూనే చూసింది ఏమిటంటే, చొక్కా లేకుండా సున్నపు మరకలతో నేల మీద కూర్చున్న భర్త, గాయం మానని మోకాలు, పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ కూతురు. చంటివాణ్ణి దింపేసి అత్త మీద విరుచుకుపడింది. "ఇదేంది వదినా! జబ్బు మనిషితో కూలి పని చేయిస్తాండారా?" అని ఏడుస్తూ ఆయన చేతికున్న గుడ్డ విప్పబోయింది.

నాయన చేతిని వెనక్కి లాక్కున్నాడు. "లేదు" అన్నాడు. అమ్మ మళ్లీ విప్పబోయింది. "లేదు... లేదు..." ఆయన మెడ నరాలు ఉబ్బాయి. ఏదో మాట కోసం లోపలంతా వెతుకుతున్నాడు. అత్త పెదాల మీద వేలు పెట్టి మమ్మల్ని ఆపింది. ఎంతసేపు ఎదురుచూశామో చెప్పలేను.

"నే... నే," అన్నాడు. "నేనే."

అమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తర్వాత అక్కడే చతికిలబడి, ఆయన రుద్దుతున్నంతసేపూ చూస్తూ కూర్చుంది.

పూర్తిగా నయమైందని చెప్పను. అబద్ధమవుతుంది. నాయన మళ్లీ పరంజా ఎక్కలేదు. కుడి చేతి వేళ్లు చివరిదాకా గట్టిగా ముడుచుకోలేదు. కానీ ఏడాది తిరిగేసరికి కర్ర పట్టుకుని, ఎన్నోచోట్ల ఆగుతూ, సముద్రపు ఒడ్డు దాకా నడిచాడు. ఆ తర్వాత పాత పనివాళ్లు దొరల ఇళ్లకు ఆయన్ను తీసుకెళ్లేవారు. ముక్కాలిపీట మీద కూర్చుని, గోడను వేలి కణుపుతో తట్టి విని, "ఇక్కడ... బోలు" అనేవాడు. కొట్టి చూస్తే అక్కడ పూత గోడను పట్టుకుని ఉండేది కాదు. మాటలు మెల్లగా వచ్చేవి. ఎవరైనా తొందరపడి తన మాటను తామే పూర్తి చేయబోతే వేలెత్తి ఆపేవాడు.

నాకు పెళ్లయ్యాక, అత్త చనిపోయిన ఏడు, ఒకసారి ఆయనకు ఆ నడుము నొప్పి సంగతి చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసు" అన్నాడు.

"తెలిసి కూడా ఎందుకు లేచినావు నాయనా?"

ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. నేను ఆగాను.

"అక్క... అడిగింది కదా."

ఆ తర్వాత నా బతుకులో ఎందరో మంచాన పడ్డారు. మా అత్తగారు, పక్కింటి అక్క, చివరికి నా పెనిమిటి. ఎవరిని చూడబోయినా చెయ్యవలసిన సేవ చేస్తాను, కానీ తిరిగి వచ్చేలోగా వాళ్లను ఏదో ఒకటి అడుగుతాను. ఈ బియ్యంలో రాళ్లు ఏరి పెడతావా అంటాను. నీ చేతి చింతకాయ పచ్చడికి ఉప్పెంతో చెప్పమంటాను. ఏమీ తోచకపోతే దాహంగా ఉందంటాను. జబ్బు మనిషిని పని అడుగుతోంది, ఈమెకు బుద్ధి లేదు అని నా వెనక అనుకున్నవాళ్లు ఉన్నారు. అనుకోనీ. అడిగిన తర్వాత ఎంతసేపైనా సరే, వాళ్లు ఇచ్చేదాకా నేను అక్కడే కూర్చుంటాను.