మా కాక తుపాకికి రెండు మెట్లు

నా చిన్నప్పుడు, పసుపు కొమ్ములు నిల్వ చేసే రేకుల కొట్టంలో నేను తుపాకి పేల్చడం నేర్చుకున్నానంటే మా మనవరాలు నవ్వుతుంది. అమ్మమ్మ చేతిలో తుపాకి ఏమిటని దాని నవ్వు. కానీ అది నిజం. ఆర్మూర్‌లో మార్కెట్ వెనక వీధిలో మా ఇల్లు, ఇంటి వెనక ఆ కొట్టం. ఏ కాలంలో తలుపు తీసినా లోపలి నుంచి పసుపు వాసన మొహాన కొట్టేది. కొట్టం పొడుగ్గా ఉండేది కాబట్టి ఒక కొసన నేను నిలబడితే, ఇంకో కొసన బంకమట్టి నింపిన బస్తా మీద గురి కాగితం అంటించేవాళ్లం.

నేర్పింది మా కాక, అంటే మా బాపుకు సొంత తమ్ముడు. బాపు దుబాయిలో పనిచేసేవాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చి, నెలా రెండు నెలలు ఉండి వెళ్లిపోయేవాడు. ఇల్లు, పొలం, మంచం పట్టిన మా నాయనమ్మ, అమ్మ, నేను, అన్నీ కాక మీదే. అతను అంతకుముందు మిలిట్రీలో ఉండేవాడు. అక్కడి గురిపోటీల జట్టులో మంచి పేరుందని ఎవరో అంటే విన్నాను గానీ, అతను మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు. బాపు దుబాయి పోయిన ఏడాదే కాక మిలిట్రీ వదిలి ఇంటికి వచ్చాడు. వస్తూ ఒక ఛర్రాల తుపాకి, అంటే గాలితో చిన్న సీసపు గుండ్లు పేల్చేది, తెచ్చాడు. పిట్టల్ని కొట్టేది కాదు, గురిపోటీల కోసం చేసింది. బరువుగా, నల్లగా, పొడుగ్గా ఉండేది.

అంతకుముందే కాకకూ చిన్నమ్మకూ ఒక పాప పుట్టింది. మూడేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. అప్పుడు కాక సరిహద్దు దగ్గరెక్కడో ఉన్నాడు. కబురు అంది, సెలవు దొరికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ పాప పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నన్ను మాత్రం కాక ఎక్కడికి పోయినా సైకిల్ మీద వెంట తిప్పేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఆ తుపాకి పట్టుకుని చూస్తానని నేనే మారాం చేశాను.

అప్పటికే దాని ట్రిగ్గర్ అరిగిపోయింది. సికింద్రాబాద్‌లో మిలిట్రీ తుపాకులు బాగుచేసే పాత దోస్తు దగ్గరికి పోయి, కాక రెండు రకాల ట్రిగ్గర్లు తెచ్చాడు. నన్ను పిలిచి కొట్టంలో కూర్చోబెట్టాడు. తుపాకి మూతిని మట్టి బస్తాకు ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి బిగించి, పేల్చి చూడమన్నాడు.

"కండ్లు మూస్కొని చూడు బిడ్డా. నీకు వేలు తోటి పని, కండ్ల తోటి కాదు," అన్నాడు.

మొదటి దాని మీద వేలు పెట్టానో లేదో ఠప్పుమని పేలింది. రెండోది అలా కాదు. వేలు కొంచెం వెనక్కి జారింది. తర్వాత ఏదో గోడ తగిలినట్టు ఆగింది. అక్కడి నుంచి ఇంకాస్త ఒత్తితే గానీ పేలలేదు. దాన్ని రెండు మెట్ల ట్రిగ్గర్ అంటారని కాక చెప్పాడు. నాకు ఆ ఆగడం నచ్చలేదు. మొదటిదే కావాలన్నాను. కాక ఒక్క మాట అనకుండా దాన్నే బిగించి ఇచ్చాడు.

వారం రోజులు సాయంత్రం బడి నుంచి రాగానే పేల్చాను. కాగితం మీద చిల్లులు నడిమికి దగ్గరగానే పడేవి. నాకంతా వచ్చేసిందనుకున్నాను. ఒకరోజు కాక తుపాకిలో ఛర్రా నింపి, బస్తా వైపు తిప్పి, రెండు గోనెసంచుల నడుమ కదలకుండా పెట్టాడు. నన్ను ముట్టవద్దన్నాడు. తానూ ట్రిగ్గర్ ముట్టలేదు. వెనక కర్ర మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచాడు. తుపాకి పేలింది.

"ఎవరు పేల్చిండ్రు?" అని అడిగాడు.

"నువ్వే కాకా."

"నేను ట్రిగ్గర్ ముట్టిన్నా?"

నేను ట్రిగ్గర్ వైపు వంగి చూశాను. కాక నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "వారం సంది నువ్వు సుత పేలుస్తలేవు బిడ్డా. అదే పేలుతున్నది. గురి జర దగ్గరికి రాంగనే దానంతటదే పోతున్నది, నీకు ఖుషీ అయితున్నది. నీ చేతుల లేని దాన్ని నీ చేతుల ఉన్నదనుకునుడు మంచిది కాదు."

ఆ సాయంత్రమే రెండో ట్రిగ్గర్ బిగించాడు. దాన్ని నా వేలికి కుదిర్చేసరికి చాలా రోజులు పట్టింది. అందులో చిన్న చిన్న స్క్రూలు ఉండేవి. మొదటి మెట్టు ఎంత దూరం జారాలో ఒకటి, ఎంత బరువుండాలో ఒకటి, గోడ దాటడానికి ఇంకెంత కావాలో ఒకటి. పసుపు తూచే చిన్న బాట్లు సన్నని జనపతాడుతో ట్రిగ్గర్‌కు వేలాడదీసి, తుపాకిని నిలువుగా పైకి లేపి, ఏ బరువుకు జారుతున్నదో, ఏ బరువుకు విడుస్తున్నదో కాక చూసేవాడు. బరువులో ఎక్కువ వంతు మొదటి మెట్టుకే పెట్టాడు. వేలికి అది అలవాటవుతుందట. రెండో మెట్టుకు కొంచెమే మిగలాలి, కానీ ఆ కొంచెం ఎక్కడ మొదలవుతుందో వేలికి అనుమానం లేకుండా తెలియాలి. నేను తొందరపడి ఒకసారి రెండు స్క్రూలు కలిపి తిప్పేశాను. దేనివల్ల ఏం మారిందో ఇద్దరికీ తెలియలేదు. కాక కసురుకోలేదు. మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ నన్ను పేల్చమని, వేలికి ఎట్లా తోచిందో అడిగాడు.

అంతా కుదిరాక ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు. "ఆగిన కాడ నువ్వు సర్దార్‌వి. మనసు కుదరకపోతే వేలు తియ్యి, తుపాకి దించు. దించినోళ్లు ఓడిపోరు. అది దాటినంక మాత్రం నీ చేతుల ఏం లేదు."

ఏడాది తిరిగేసరికి నిజామాబాద్‌లో జరిగిన జిల్లా పోటీల్లో అమ్మాయిల్లో నేనే మొదట వచ్చాను. హైదరాబాద్ పోటీలకు రమ్మన్నారు. అమ్మ పైకి ఏమీ అనలేదు గానీ, నా చొక్కా మోచేతుల దగ్గర పాత దుప్పటి గుడ్డ మడతలు పెట్టి మెత్తగా కుట్టింది.

పోటీలకు ముందే బాపు దుబాయి నుంచి దిగాడు. మా సంగతి అక్కడికి కూడా చేరిందట. ఊరివాళ్లు అక్కడా కలిసే ఉండేవారు కదా. వచ్చిన మరునాడు మధ్యాహ్నం వాకిట్లో చిన్నమ్మ ఉడకబెట్టిన పసుపు ఆరబోస్తున్నది. కాక అరుగు మీద కూర్చుని తుపాకికి నూనె రాస్తున్నాడు. నేను పక్కన గుడ్డ పట్టుకుని ఉన్నాను. బాపు వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"ఆడపిల్ల చేతికి తుపాకి ఇచ్చినవట. గక్కడ మనోళ్లందరు నన్నే అడుగుతున్నరు," అన్నాడు.

కాక నవ్వుతూనే, "గిది ఆట అన్నా. హైదరాబాద్‌కు నువ్వు సుత రా. బిడ్డ ఎట్ల కొడ్తదో చూద్దువు," అన్నాడు.

"పోదు."

"మస్తు కష్టపడ్డది అన్నా. గీ ఒక్కసారికి పోనియ్యి."

అప్పుడు బాపు ఆ మాట అన్నాడు. "నీ బిడ్డ సచ్చిపోతుంటే గా తుపాకుల కాడనే ఉంటివి. మట్టి వెయ్యనీకి సుత రాలే. గిప్పుడు నా బిడ్డ దొరికిందా నీకు?"

వాకిట్లో చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. కాక ముఖంలోకి రక్తం ఎగదన్నింది. నోరు తెరిచాడు. ఛాతీ నిండా గాలి తీసుకోవడం చూశాను. ఏదో పెద్ద మాట వస్తుందని నాకు భయం వేసింది. రాలేదు. గాలి మెల్లగా వదిలి, తుపాకిని గుడ్డలో చుట్టి, "సరే అన్నా," అని లోపలికి పోయాడు.

అంతే. అరుపులు లేవు, పంచాయితీ లేదు. నేను హైదరాబాద్ పోలేదు. నాయనమ్మ అప్పటికే పోయింది; బాపు సెలవు అయిపోకముందే కాక, చిన్నమ్మ నందిపేట దగ్గర ఆమె పుట్టిన ఊరికి మారిపోయి, అక్కడే వ్యవసాయం పెట్టుకున్నారు. తుపాకిని కాలేజీ పిల్లలకు నేర్పే ఒక సారుకు ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. పెళ్లిళ్లలో ఎదురైతే అన్నదమ్ములు బాగున్నవా అంటే బాగున్నవా అనుకునేవారు. నేను కనబడితే కాక నా నెత్తి మీద చెయ్యి పెట్టేవాడు. ఆట గురించి నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

చాలా ఏళ్లకు, బాపు దుబాయి పూర్తిగా వదిలి వచ్చాక, నేను పిల్లలతో పుట్టింటికి పోయిన ఒకరోజు అమ్మ నోరు విప్పింది. కాక ముచ్చట ఎట్లా వచ్చిందో గుర్తులేదు. అతనికి మొండితనం ఎక్కువని బాపు ఏదో అన్నాడు. అమ్మ రొట్టె కాల్చడం ఆపి బాపు వైపు తిరిగింది.

"నీకు వీసా వచ్చిన నెలనే ఆయనకు దేశం మొత్తం మీది పోటీకి పిలుపు వచ్చింది. నువ్వు పోతే మంచాన పడ్డ అత్తమ్మను, పొలాన్ని ఎవరు చూస్తరని, పేరు తీయించుకొని వచ్చిండు. అన్నకు చెప్పొద్దని పెండ్లాం తోటి ఒట్టేయించుకున్నడు. ఆమె నాకు చెప్పింది. గా దినం నువ్వు గంత మాట అంటే, ఆయన గీ మాట అనొచ్చు. అనలే."

బాపు లేచి వాకిట్లోకి పోయాడు. తర్వాత, తనను నందిపేట తీసుకుపొమ్మని నాతో అన్నాడు.

ఇద్దరం ఆటోలో పోయాం. కాక జుట్టు అంతా తెల్లబడింది. అన్నను చూసి గబగబా లేచి మంచం వాల్చాడు. చిన్నమ్మ మక్క కంకులు కాల్చి తెచ్చింది. అన్నదమ్ములిద్దరూ వానల గురించి, అడవి పందుల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. బాపు ఒకసారి "తమ్మీ..." అని ఆగాడు. కాక తల ఎత్తి చూశాడు. "బోరుల నీళ్లు మంచిగనే వస్తున్నయా?" అని అడిగాడు బాపు. కాసేపటికి మళ్లీ "తమ్మీ" అన్నాడు. ఈసారి ఎడ్లను ఎప్పుడు అమ్మేశావని అడిగాడు. పొద్దు వాలింది. కాక మాతో రోడ్డు దాకా వచ్చి, అన్న చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

"చెప్పలేదేంది బాపూ?" అన్నాను దారిలో.

"మల్లొచ్చినప్పుడు చెప్త బిడ్డా. నోరు రాలే," అన్నాడు.

ఆ వానాకాలమే కాక పోయాడు. పొలంలో గుండె ఆగింది. మేం పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. బాపు తమ్ముని తల దగ్గర కూలబడి, అందరి ముందు పెద్దగా ఏడుస్తూ, నేను తప్పు మాట అన్న తమ్మీ, నీ రుణం తెలువక అన్న అని మళ్లీ మళ్లీ చెప్పాడు. ఊరివాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

చిన్నమ్మ ఏడవలేదు. కాసేపు విని, బాపు వైపు తిరిగి తక్కువ గొంతుతో అన్నది. "ఆయన ఎన్నడో మర్చిపోయిండు బావా. అన్న కోపంల అన్నడు, పోనీ తియ్యి అనేటోడు. నాకే మనసుల నుంచి పోలే. నా బిడ్డను నేను ఒక్కదాన్నే మట్టికి సాగనంపిన. గా మాట తగిలింది నాకు."

బాపు ఏడుపు ఆగిపోయింది. ఆమె కాళ్ల వైపు వంగబోతే, ఆమె వెనక్కి జరిగింది. ఇన్నేళ్లూ మేమంతా ఆ మాట అన్నదమ్ముల మధ్య నడిచిందే అనుకున్నాం. బాపు తమ్ముడి కోసం కుమిలాడు, అమ్మ మరిది కోసం బాధపడింది, నేను కాక కోసం, పోలేకపోయిన పోటీ కోసం ఏడ్చాను. పసుపు ఆరబోస్తూ వాకిట్లో నిలబడ్డ మనిషిని మాలో ఒక్కరూ తలుచుకోలేదు. బాపు ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చిన్నమ్మకు చెప్పాల్సింది చెప్పాడో లేదో నాకు తెలియదు.

కోపం వచ్చినప్పుడు మాట దగ్గర ఆగడం నాకు కాక వల్ల అలవాటయింది. ఆ అలవాటు నా సంసారాన్ని చాలాసార్లు కాపాడింది. మంచి మాట దగ్గర ఆగకూడదని మాత్రం చాలా ఆలస్యంగా, బాపును చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు వీలైనప్పుడల్లా నందిపేట ఆటో ఎక్కి చిన్నమ్మ దగ్గరికి పోతాను. ఆమెకు చూపు తగ్గింది, అడుగుల చప్పుడుతో నన్ను గుర్తుపడుతుంది. పక్కన కూర్చుని, మా చెల్లె ముచ్చట చెప్పు చిన్నమ్మా అని నేనే అడుగుతాను. పాప రొట్టె అంచులు తుంచుకుని తినేదని, వాన పడితే చూరు కింద అరచేతులు పట్టి నిలబడేదని ఆమె చెబుతుంది. చెప్పినవే మళ్లీ చెబుతుంది. నేను ఎక్కడికీ పోవాల్సింది లేనట్టు కూర్చుని వింటాను.