స్వర్ణ పతకానికి అయస్కాంతం

తొంభైల్లో సంగారెడ్డిలో ఒక సభ పెట్టి నా కవిత్వానికి స్వర్ణ పతకం ఇచ్చారు. తిరుగు బస్సెక్కినా దాన్ని మెడలోంచి తీయబుద్ధి కాలేదు. పక్క సీటాయనకు ఇస్నాపూర్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణం ఉందట. మాటల మధ్యలో చొక్కా జేబులోంచి దారానికి కట్టిన అయస్కాంతం తీసి, నన్ను అడగకుండానే పతకానికి ఆనించాడు. టక్కున అంటుకుంది.

“ఇనుము సార్. పైన పూత గొట్టిర్రు.”

“స్వర్ణ పతకమని మైకులో చెప్పి మరీ ఇచ్చారండీ!” అన్నాను ఉక్రోషంగా.

“పరేషాన్ గాకుర్రి. మా దుకాణంల ఎండి షీల్డులు, బంగారు కప్పులు మస్తుగ వస్తయి. అన్నిటిని ఇనుప కుప్పలనే ఏస్తం.”

పతకం తీసి సంచిలో పడేశాను. ఆయన చెయ్యి ఊరుకోలేదు. నా టిఫిను డబ్బాకూ ఆనించాడు. అంటుకోలేదు.

“గిది మంచి స్టీలు సార్. జెర పైలం,” అన్నాడు మెచ్చుకోలుగా.

అప్పుడు ఆయన చూపు నా వేలి మీద పడింది. పెళ్లిలో మామగారు తొడిగిన ఉంగరం.

ఇస్నాపూర్ వచ్చి ఆయన దిగిపోయేదాకా నేను జేబులోంచి ఆ చెయ్యి తీయలేదు.