పదో నంబరు

నాగలతకు కోపం వస్తే అరవదు. వచ్చి మన వాకిట్లో కూర్చుంటుంది. చాపాడు దగ్గరి మా ఊళ్లో ఆమె ఆశా వర్కరుగా చేరి తొమ్మిదేళ్లయింది, ఈ తొమ్మిదేళ్లలో ఆమె కూర్చోని వాకిలి లేదు. కాన్పుకు ప్రొద్దుటూరు పోనని ఒక పిల్ల మొండికేస్తే, ఆ ఇంటి మెట్టు మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. చివరికి ఆ పిల్ల అత్తే సిగ్గుపడి ఆటో పిలిపించింది. పులివెందుల పక్క అరటితోటల్లో కూలికి పోతూ పదో తరగతి ప్యాసైన మనిషి నాగలత. ఇక్కడ గొర్రెలు మేపే కుళ్లాయప్ప ఇంటికి కోడలిగా వచ్చింది.

నా పేరు లోకనాథ్. ఊళ్లో పశువులకూ గొర్రెలకూ సూదులు వేసే ఉద్యోగం నాది, సచివాలయం పక్క గదిలో కూర్చుంటాను. ఏడాదికి నాలుగైదు వేల గొర్రెలకు సూది పొడుస్తాను. నాకు మాత్రం సూదంటే చచ్చేంత భయం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఆ సంగతి దాస్తే ఈ కథ చెప్పలేను.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో సచివాలయంలో మొదటి టీకా శిబిరం పెట్టారు. నర్సు ఫరహత్ ఐసు డబ్బా తెచ్చింది. ఒక సీసాలో పదిమందికి మందు. మూత తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. అందుకే పదిమంది చేరందే తెరవొద్దని పైనుంచి మాట. నాగలత రెండు రోజులు తిరిగి తొమ్మిదిమందిని తెచ్చింది. ఎనిమిదిమంది బయట షామియానా కింద ఆగారు. అందరికంటే ముందొచ్చి లోపల కుర్చీలో కూర్చున్నది పెంచలమ్మ, బడిలో పిల్లలకు అన్నం వండే మనిషి.

నాగలత నా గది గుమ్మంలో నిలబడింది. “సార్, ఒక్కరు తక్కువుండారు. మీరు రాండి.”

“ఎవరిదో ఎద్దుకు కడుపుబ్బరమంట, ఇప్పుడే ఫోనొచ్చింది” అన్నాను.

ఏ ఎద్దూ లేదు. బండి తీసుకుని కాలవ గట్టు దాకా పోయి, తుమ్మచెట్టు నీడన గంటన్నర కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. సీసా తెరవకుండానే డబ్బా వెనక్కి పోయింది.

మూడు వారాలకు పెంచలమ్మ కరోనా సోకి ఊపిరాడక ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పోయింది. ఆ రోజు సూది పడి ఉంటే బతికేదా? నాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు. ఊరు మాత్రం ఇంకోటి చెప్పుకుంది. లోపల కూర్చున్న ఆమెకు టీకా వేశారట, కళ్లు తిరిగి పడిపోయిందట, అందుకే మిగతావాళ్లను తిప్పి పంపారట. వేయలేదని నాగలత ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఉద్యోగం కోసం చెబుతోందని తలుపులు వేసుకున్నారు. నిజం తెలిసిన నేను నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు ఊరుకున్నాను.

శనివారం రెండో శిబిరం అన్నారు. ఒక్కరూ పేరివ్వలేదు. గురువారం పొద్దున నాగలత వచ్చి నా వాకిట్లో కూర్చుంది.

“మా మామ సోమవారం మందను తోలుకొని కాలవ కిందికి పోతాండాడు సార్. నెలరోజులు ఊరూరూ తిరగల్ల. ఆయప్పకు షుగరు శానా ఉంది. సూది లేకుండా పంపితే నేను మళ్లీ ఆయన్ను చూస్తానో లేదో. ఆయన ఏసుకుంటే వీధంతా ఏసుకుంటాది.”

“నేనేం చెయ్యగలను?”

“సూది వద్దని ఆయన చెప్పేది మీ మాటే. వచ్చి మీరే ఇప్పండి ఆ ముడి.”

గొర్రెల దొడ్డి దగ్గర కుళ్లాయప్ప నులక మంచం మీద ఉన్నాడు. చుట్టూ వీధిలో మగవాళ్లు నలుగురైదుగురు. నన్ను చూడగానే అందుకున్నాడు.

“మందలో రోగం పడినాక సూదేస్తే బాగుండేవి గూడా పోతాయని చెప్పింది నువ్వే గదా సారూ? ఊర్లో రోగం పడింది. ఇప్పుడు సూదేందీ?”

చెప్పింది నేనే. మూడేళ్ల కింద గొర్రెలకు బొబ్బరోగం వచ్చినప్పుడు, ఇదే దొడ్లో నిలబడి చెప్పాను. గొర్రెలు వేరు మనుషులు వేరు అని మొదలుపెట్టి ఏదేదో వాగాను. ఎవరికీ ఎక్కలేదు.

నాగలత అందుకుంది. “మామా, అప్పుడు నువ్వేం చేస్తివి?”

“రోగం తగలని వాటిని ఏరి అవతల దొడ్లో కట్టినా. వారం చూసి వాటికి సూదేయించినా.”

“అవి ఏమైనాయి?”

“ఒక్కటీ పోలేదు.”

“మరి మనుషుల్ని గూడా అట్లనే ఏరు మామా. దగ్గూ జ్వరం ఉండేటోళ్లు ఆగనీ, బాగుండేటోళ్లు రానీ. నీ కంటే బాగా ఎవరు ఏరతారు?”

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. ఆ మాట లోపలికి దిగినట్టే ఉంది. కానీ అడిగాడు: “పెంచలమ్మ బాగానే ఉండె గదమ్మే? ఏసుకోని పోల్యా?”

నాగలత నా వైపు తిరిగి చూసింది. నన్ను అంత దూరం తీసుకొచ్చింది దీనికేనని అప్పుడు అర్థమైంది.

“వేయలేదు కుళ్లాయప్పా. తొమ్మిదిమందే ఉండిరి, సీసా తెరవలేదు. పదో మనిషిగా రమ్మని నాగలత నన్ను పిలిచింది. ఎద్దని అబద్ధం చెప్పి పారిపోయినా.”

ఉమ్మేస్తారనుకున్నాను. కుళ్లాయప్ప మంచం దిగి నా దగ్గరకొచ్చాడు. “ఇన్నేండ్లు నా గొర్రెల్ని నేను పట్టుకుంటే నువ్వు పొడుస్తివి. నీకు భయమా?” అన్నాడు. అతని కంటే నాకే నా మీద ఎక్కువ అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్నే కుళ్లాయప్ప చేతికర్రతో వీధిలో బయలుదేరాడు. సూది వేయించిన గొర్రెల వీపు మీద పెట్టే కావి రంగు గిన్నె చంకలో ఉంది. ఒక్కొక్కరి మొహం చూసి, దగ్గమని చూసి ఏరాడు. ఏరినవాళ్ల మణికట్టు మీద గుర్తు పెట్టాడు, తన మణికట్టు మీద కూడా పెట్టుకున్నాడు. ఇరవై ముగ్గురిని తోలుకొచ్చాడు.

నేను వరండాలో చివరన నిలబడ్డాను. ఇంతమంది వచ్చాక నేను లేకపోయినా సీసా తెరుస్తారు. బండి తాళం చేతిలోనే ఉంది.

“లోకనాథ్ సార్, ముందు మీరు” అంది నాగలత.

కొత్త పేజీ తీయలేదు. పాత శిబిరం పేజీ తీసింది. అందులో తొమ్మిది పేర్లు, మొదటిది పెంచలమ్మది. కింద పది అని అంకె వేసి ఖాళీగా ఉంది.

“ఆ పొద్దు మీకని ఏసిన నంబరే సార్ ఇది. కొట్టేయలేదు.”

పెంచలమ్మ కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. కుళ్లాయప్ప వచ్చి గొర్రెను పట్టినట్టే నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. నాగలత నా పేరు రాసింది. ఫరహత్ సీసా మూత తీసింది.