సరస్సు నుంచి మోసిన సన్నమట్టి

సూళ్లూరుపేటలో టీచరుగా చేరిన మొదటి ఏడాది నా ఆదివారాలన్నీ పులికాట్ సరస్సు పాలే. సముద్రం లోపలికి వచ్చే మొగకు కాస్త ఇవతల, నీళ్లు వెనక్కి తీసినప్పుడు కనుచూపు మేర బురదనేల బయటపడుతుంది. పోటు ఎక్కేటప్పుడు మసక నీళ్లు చప్పుడు లేకుండా దాని మీదికి పాకుతాయి. చూస్తూ కూర్చుంటే కూర్చున్నానో తేలుతున్నానో తెలిసేది కాదు.

ఒడ్డున వల బాగుచేసుకునే ముసలాయన్ని ఒకసారి అడిగాను, ఇంత మెత్తటి మట్టి ఎలా చేరిందని.

"ఇసక బరువు గదమ్మా, మొగకాడే కూలబడతాది. సన్నమట్టి అట్ట గాదు, నీళ్లతో ఎంత దూరమైనా పోతాది. పోటు నిండినాక నీళ్లు కాసేపు కదలకుండా నిలబడతాయి సూడు, అప్పుడు దిగతాది. మళ్లిపొయ్యే నీళ్లకు దాన్నంతా లేపే సత్తువ ఉండదు."

ఆ కాసేపటి కోసం గంటలు కాచుకునేదాన్ని. నీళ్లు ఆగేవి, నాలో కూడా ఏదో ఆగేది. నీళ్లు పోయాక ఆ మట్టిని చేత్తో తీసి నలిపితే ఒక్క పలుకు తగిలేది కాదు, వెన్నే.

మాది కార్వేటినగరం దగ్గర రాళ్లనేల. ఎండాకాలంలో చెరువు ఒండ్రు తోలి పొలానికి కొట్టుకోవడం మాకు పండగ. అమ్మ నాటిన కరివేపాకు చెట్టు, ఆమె పోయాక పాలిపోతూ వచ్చింది. నాయన ఫోన్ చేస్తే ముందు దాని సంగతే. ఇంకేం, రైతుబిడ్డను కదా! కండక్టరుతో తిట్లు తింటూ, రెండు బస్సులు మారి, గోతాం నిండా ఆ మట్టి మోసుకెళ్లాను. ఉప్పు మాటే బుర్రకు తట్టలేదు.

నాయన చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. కొత్త మట్టి ఏదైనా ఆయన అలాగే చూస్తాడు. "బో మెత్తగుండాదమ్మా," అని, నా ముందే చెట్టు మొదట్లో పరిచాడు.

రెండు నెలలకు వెళ్తే చెట్టు లేత చిగుళ్లతో నిగనిగలాడుతోంది. "చూశావా నా మట్టి!" అని ఎగిరాను. నాయన నవ్వాడు. సాయంత్రం చాట కోసం మంచం కింద వెతికితే ఆ గోతాం దొరికింది. విప్పితే గట్టిపడిన మట్టి, పైన తెల్లగా ఉప్పు పూసి ఉంది.

"నువ్వు బస్సెక్కినాక తీసేసినా. బిందెలకు బిందెలు నీళ్లు పోసి ఉప్పు కడిగినా," అన్నాడు నాయన.

"ముందే చెప్పొద్దా? అమ్మ చెట్టు చచ్చిపోయుంటే!" ఒళ్లు మండి అరిచాను.

"అంత దూరం మోసుకోనొస్తివి. ఉప్పని యెట్ట చెప్పేది?"

"మరి దీన్నెందుకు దాచావు?"

"పారేసేదానికి చేతులు రాలా."

నా కోపం ఎటు పోయిందో. మంచం పట్టె పట్టుకుని భోరుమన్నాను. నాయన గోతాన్ని మళ్లీ మంచం కిందికి నెట్టి, నేను సూళ్లూరుపేటకు తీసుకెళ్లడానికి రెండు రెబ్బలు కరివేపాకు కోసుకొచ్చాడు.