తడవని తెల్లబట్టలు

మా సంఘంలో బాప్తిస్మం అంటే ముంచడమే. వేదిక మీద పరిచిన చెక్కపలకలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. బాప్తిస్మపు ఆదివారానికి ముందు రోజు నల్లా వచ్చే వేళ చూసుకుని దాన్ని నింపుతారు. పాస్టరుగారు నడుము లోతు నీళ్లలో నిలబడి, ఎడమ చెయ్యి వీపు కింద వేసి, కుడిచేతిలోని తెల్ల రుమాలుతో ముక్కూ నోరూ మూసి, మనిషిని వెనక్కి వాల్చి పూర్తిగా ముంచి లేపుతారు. ఒక్క వెంట్రుక పైకి తేలినా మా నాన్న ఒప్పుకునేవారు కాదు. ఆయన కృష్ణా జిల్లా కాలవల్లో బాప్తిస్మాలిచ్చిన సువార్తికుడు. బాప్తిస్మం సమాధి అనేవారు. పాత మనిషిని క్రీస్తుతో పాటు పాతిపెట్టి కొత్త మనిషిగా లేవడం. పిడికెడు మట్టి చల్లి మనిషిని పాతిపెట్టామని ఎవరూ అనరు కదా, మరి నుదుటి మీద నాలుగు చుక్కలు చల్లితే సరిపోతుందా అని అడిగేవారు. టీచరు ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చాక సండేస్కూల్లో పిల్లలకు నేనూ ఇదే చెప్పాను. ఇప్పటికీ ఇదే నమ్ముతాను.

నమ్ముతున్నాను గనకే ఇది రాయడం కష్టంగా ఉంది.

నా భర్త హిందువుల ఇంట పుట్టారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో వేలం పాడేవారు. టమాటా గుట్ట పక్కన నిలబడి ఆయన ధర పలికితే అవతలి గేటు దాకా వినిపించేదట. మాది కోరి చేసుకున్న పెళ్లి. అవిశ్వాసిని చేసుకున్నందుకు సంఘం నన్ను కొంతకాలం ప్రభువు బల్ల నుంచి, అంటే నెలకోసారి అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షరసం నుంచి ఆపింది. అది న్యాయమే. ఆయన సీతాఫల్‌మండి నుంచి నన్ను స్కూటర్ మీద తెచ్చి దింపి, ఆరాధన అయ్యేదాకా ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చునేవారు. ఒక వానాకాలం తడవకుండా లోపలికొచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. వానలు పోయినా ఆ బెంచీ వదల్లేదు.

నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం వచ్చే సమయానికి మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవారు. బాప్తిస్మం లేనివాళ్లు రొట్టె తీసుకోకూడదు. ఎవరూ ఆయన్ని వెళ్లమనలేదు, పళ్లెం తన ముందు నుంచి దాటిపోవడం చూడలేక వెళ్లేవారు.

"మీరూ బాప్తిస్మం తీసుకోవచ్చు కదండీ," అంటే నవ్వేవారు.

"మీ పాస్టరయ్యగారి చేతుల పడితే వంకాయ కడిగినట్టు కడుగుతడు. జెర ఆగు టీచరమ్మా. అమ్మ ఉన్నది గదా. ఆమె ఉన్నన్ని రోజులు ఆమెను ఏడిపియ్యద్దు."

అత్తగారు పోయి, ఏడాది మాసికాలన్నీ అయ్యాక ఆయనే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి పేరిచ్చారు. ఈస్టర్‌కి అనుకున్నాం. తెల్ల పైజామా, లాల్చీ కుట్టించాం. ముంచడానికి ముందు, తాము ఎలా నమ్మారో అందరి ఎదుట సాక్ష్యం చెప్పాలి గనక రోజూ అద్దం ముందు నిలబడి చెప్పుకునేవారు. గొంతు బొంగురుపోతుంటే, మార్కెట్లో అరిచే గొంతు కదా, తగ్గుతుందిలే అనుకున్నాం.

క్యాన్సరని, ముదిరిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. స్వరపేటిక తీసేశారు. మెడ కింద, రూపాయి బిళ్లంత రంధ్రం పెట్టారు. ఇక ఆయన ఊపిరంతా అందులోంచే. స్నానం చేయించడం నాకు డాక్టరే నేర్పారు. తల మీద నీళ్లు పోసేటప్పుడు రంధ్రానికి చెయ్యి అడ్డం పెట్టాలి, కానీ మూసేయకూడదు. ఊపిరి ఆడాలి, నీళ్లు పడకూడదు. ఇంటి చూరు ఉన్నట్టు ఉండాలి చెయ్యి. లోపలికి పోతే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

ఇంటికొచ్చాక పలక కొన్నాం. దాని మీద ఆయన రాసిన మొదటి మాటల్లో ఒకటి, "ఈస్టర్ ఎన్నడు?"

పాస్టరుగారు చూడటానికి వచ్చారు. మెడ మీది గుడ్డ తొలగించి చూపించమన్నారు. చూసి, గుడ్డ తనే మళ్లీ కప్పారు.

"ముంచితే మనిషి దక్కడమ్మా," అన్నారు. "అవతలి వీధి సంఘంలో చిలకరింపు ఇస్తారు. నేను మాట్లాడతాను. వాళ్లూ ప్రభువు బిడ్డలే."

"అక్కడ తీసుకుంటే మన దగ్గర రొట్టె ఇస్తారా అయ్యగారూ?"

 జవాబు ఆయనకూ నాకూ తెలుసు. చిలకరింపుతో వచ్చినవాళ్లను మళ్లీ ముంచి గాని మేం చేర్చుకోం.

నా భర్త పలక అందుకుని రాశారు: "ఆమె మునిగిన నీళ్లే నాకు గావాలె."

సంఘ పెద్దలు రెండుసార్లు కూడుకున్నారు. ఇంత తేలిగ్గా సడలిస్తే రేపు జలుబు చేసినవాడు కూడా చల్లితే చాలంటాడని ఒకరు అన్నారట. చివరికి ఒక దారి చెప్పారు. నడుము దాకా నీళ్లలో దిగాలి, పాస్టరుగారు తలని చేత్తో తడపాలి, సభ్యత్వం సంగతి ప్రార్థనలో ఉంచి తర్వాత చూడాలి. ఒక బుధవారం మధ్యాహ్నం, గుడిలో మేం ముగ్గురమే. ఆయన తెల్లబట్టలు కట్టుకుని తొట్టి పై మెట్టు మీద నిలబడ్డారు. పాస్టరుగారు ముందుగా నీళ్లలోకి దిగి చెయ్యి చాపారు.

ఆ చేతిలో రుమాలు ఉంది. ఎన్నో ఏళ్ల అలవాటు, తెచ్చుకున్నట్టు ఆయనకే తెలియదు. చెయ్యి నా భర్త ముక్కు వైపు లేచి మధ్యలో ఆగింది. ఊపిరి అక్కడ లేదు. మెడ వైపు దిగి మళ్లీ ఆగింది. గుడి ఖాళీగా ఉండటంతో మెడలోంచి వచ్చే ఊపిరి చప్పుడు పెద్దగా వినపడుతోంది. పాస్టరుగారు ఆ రుమాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"నా చేతుల్ని నేను నమ్మలేనమ్మా," అన్నారు. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున అని పలకగానే అవి వాటంతటవే వెనక్కి వాలుస్తాయి. వాల్చకుండా ఆపుకుంటే, సగం పాతిపెట్టి లేపినట్టవుతుంది. బ్రదర్ గారూ, క్షమించండి. అది బాప్తిస్మమని దేవుని ఎదుట చెప్పలేను."

ఆ రోజు ఆ తొట్టిలో తడిసింది పాస్టరుగారొక్కరే. మేం ఆటోలో ఇంటికొచ్చాం. ఆయన తెల్లబట్టలు విప్పి, మడిచి నాకిచ్చి, పలక మీద రాశారు: "వంకాయ వాపస్." నన్ను నవ్వించాలని చూశారు. నేను నవ్వకపోవడం చూసి తుడిపేశారు.

ఆ తర్వాత మొదటి ఆదివారం పళ్లెం వచ్చే వేళకి ఆయన మామూలుగానే లేచి బయటికి నడిచారు. వానలు పడేసరికి జబ్బు తిరగబెట్టింది. ఒక ఉదయం నేను మెడ కింద గుడ్డ మారుస్తుండగా ఊపిరి ఆగిపోయింది.

మా సంఘం సమాధుల తోటలో చోటు సభ్యులకే. పెద్దలను అడుగుదాం, కాదనకపోవచ్చు అన్నారు పాస్టరుగారు. ఈలోగా అల్వాల్ నుంచి మా వదిన, అంటే ఆయన అక్క, తమ వాళ్లతో వచ్చింది.

"మీ లెక్కల మావోడు తడువనే లేదు గదా పిల్లా," అంది నాతో. "తడువనోడు మీవోడెట్లయితడు? మేం తీస్కపోతం."

"అతను విశ్వాసి అమ్మా," అన్నారు పాస్టరుగారు.

"బతికున్నప్పుడు రొట్టె ముక్క పెట్టనోళ్లు, సచ్చినంక జాగ ఇస్తరా అయ్యా?"

 నేను పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చాను. ఆమె అన్న ప్రతి మాటా మా నియమమే. సంఘం తప్పు చేసిందని నేను రాయడం లేదు. కృప నీళ్ల కన్నా పెద్దదని పాస్టరుగారు వెళ్తూ వెళ్తూ అన్నారు. దాన్ని కాదనే చదువు నాకు లేదు. కానీ ఆ మాట పట్టుకుని నిలబడదామంటే కాళ్లకు నేల అందలేదు, ఇంతవరకూ అందలేదు.

వాకిట్లో పీట వేసి ఆయన్ని కూర్చోబెట్టి వెనక నుంచి ఇద్దరు పట్టుకున్నారు. బిందెలతో నీళ్లు తెచ్చారు. ఒక్కొక్కరూ తల మీద నుంచి పోస్తున్నారు. జుట్టు, ముఖం, భుజాలు, ఛాతీ అన్నీ తడుస్తున్నాయి. నా ఎదుట ఆయన తల నుంచి కాళ్ల దాకా ఏ అడ్డూ లేకుండా తడవడం, జబ్బు చేశాక అదే మొదలు. చనిపోయినవాళ్లకు బాప్తిస్మం లేదు. పిల్లలకు నేను చెప్పిన పాఠాల్లో అదీ ఒకటి. అందుకే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం నా నోటి దాకా వచ్చినా బయటికి రానివ్వలేదు.

"నువ్వు సుత పొయ్యి," అని వదిన నా చేతికి చెంబు ఇచ్చింది.

కుడిచేత్తో చెంబు ఎత్తాను. ఎడమ చెయ్యి దానంతటదే ఆయన మెడ దగ్గరికి వెళ్లి, రంధ్రం మీద చూరులా నిలిచింది.

"ఇగ దేనికి పిల్లా," అంది వదిన, మెల్లగా.

నీళ్లు పోశాను. చెయ్యి తీయలేదు.